పైవాడి దయ

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ అని రోజుకి పదిసార్లు అంటుంటాం. ఆ మాటల వెనక ఒక నది ఉందని ఎవరికీ గుర్తుండదు. పై టీమ్ వాళ్ళు శుక్రవారం సాయంత్రం ఏదో మార్చేసి ఇంటికెళ్ళిపోతారు, మనకి మెయిల్ సోమవారం వస్తుంది. ఈ మధ్య మెకాంగ్ నది గురించి చదువుతుంటే అచ్చం ఇదే కథ కనబడింది. కాకపోతే అక్కడ పడిపోయేది సర్వర్ కాదు.

టిబెట్ పీఠభూమిలో పుట్టిన ఈ నదిని ఆరు దేశాలు పంచుకుంటాయి. కిందనున్న లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం కలిసి 1995లో ఒప్పందం రాసుకుని మెకాంగ్ రివర్ కమిషన్ పెట్టుకున్నాయి. పైనున్న చైనా, మయన్మార్ అందులో సభ్యులు కావు, చర్చల్లో భాగస్వాములు మాత్రమే. డ్యాములేమో చైనా వైపు ప్రధాన నది మీదే పదికి పైగా ఉన్నాయి. ఇక మిగిలింది పైవాడి దయ!

కంబోడియాలో తోన్లే సాప్ అని ఒక సరస్సు ఉంది. ఎండాకాలంలో దాని నీళ్ళు ఏరుగా పారి మెకాంగ్‌లో కలుస్తాయి. వానాకాలంలో మెకాంగ్ పొంగి, అదే ఏరు వెనక్కి తిరిగి సరస్సుని నింపుతుంది. ఆ నీళ్ళతో పాటే చేపలూనూ. అక్కడి వాళ్ళ కంచంలో అన్నం పక్కనుండేది ఆ చేపే. 2019లో వానలు సరిగ్గా పడక నీళ్ళు వెనక్కి తిరగడమే ఆలస్యమైంది. అలాంటి ఏడాది పైన డ్యాముల్లో ఎంత నీరుందో తెలియకపోతే ఎలా ఉంటుందో, ఆల్మట్టి గేట్ల వార్త కోసం ఎదురుచూసిన పాలమూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

చైనా 2002 నుంచి వరదల కాలంలో మాత్రం లెక్కలు ఇచ్చేది. 2020లో ఏడాది పొడుగునా ఇస్తామని ఒప్పుకుంది. బావుంది కదా అనుకునేలోగా, ఆ డిసెంబరు 31 నుంచే జింగ్‌హాంగ్ డ్యాము కింద నీరు తగ్గడం మొదలైంది. కరెంటు లైన్ల మెయింటెనెన్స్ కోసం జనవరి 24 దాకా నీరు తగ్గిస్తామని కబురొచ్చింది 2021 జనవరి 5న. చేంజ్ రిక్వెస్ట్ ఇలా పెడితే మన మేనేజర్లు ఊరుకుంటారా?

కమిషన్‌కి కోరల్లేవని చాలామంది తీసిపారేస్తారు. నిజమే, ఎవరికీ వీటో లేదు. లావోస్ కట్టిన సయాబురి డ్యాముకి కంబోడియా, వియత్నాం అభ్యంతరం చెప్పినా కట్టడం ఆగలేదు. కానీ ఆ రచ్చ వల్లే చేపలు దాటడానికీ, ఒండ్రు కిందికి పోవడానికీ డిజైన్ మార్చారు. అవి ఎంత బాగా పనిచేస్తాయన్నది వేరే చర్చ. నా మటుకు నాకు, నీళ్ళ వాటాల పంచాయితీ కన్నా ముందు తేలాల్సింది గేట్ల షెడ్యూలు.

థాయ్‌లాండ్‌లో చియాంగ్ ఖోంగ్ దగ్గర ఎండాకాలంలో ఆడవాళ్ళు నదిలో దిగి 'కై' అనే నాచు ఏరి, ఎండబెట్టి అమ్ముకుంటారు. ఉన్నట్టుండి నీరు పెరిగితే ఆ నాచు కొట్టుకుపోతుంది. రేపు నీరు ఎంత ఉంటుందో ఒక్క అంకె ఇవాళ చెబితే, వాళ్ళు ఇవాళే ఏరుకుంటారు.