వంగిన గాలిమర

రండి, మంట దగ్గరికి జరగండి. మార్గశిరం వచ్చిందంటే మా ఉరవకొండ మిట్టల మీద పొద్దు గుంకగానే చలి పట్టుకుంటుంది. చెనక్కాయలు కాలుతున్నాయి, ఒలుచుకుంటూ వినండి. పోయిన వేసవిలో మా ఇంటికి కొత్త కారొచ్చింది. దాని ముందు అద్దం మాకు నేర్పిన పాఠం మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

షోరూంలో తాళం చేతికిచ్చే రోజు మీకు తెలిసిందే కదా. బండికి పూలదండ, మనకు స్వీట్ల పెట్టె, అందరూ నిలబడి ఫోటో. మా ఆవిడ హారతిచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి ఎప్పుడు తీసుకుపోదామా అన్న మాటలు కూడా అయిపోయాయి. ఆ హడావుడిలో రంగు చూశాం, సీట్లు చూశాం, పాటల పెట్టె చూశాం. అద్దంలోంచి మాత్రం ఎవరమూ చూడలేదు.

అనంతపురం దాటి 42వ నంబరు జాతీయ రహదారి మీద ఇంటికి వస్తున్నాం. ముందు సీట్లో మా నాయన. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చెనక్కాయ పంట మీదే మమ్మల్ని చదివించినవాడు. కూడేరు దాటినాక దూరంగా గాలిమరలు కనబడ్డాయి.

"ఏమిరా, ఆ గాలిమర నడుము దగ్గర వంగినట్లుందే?" అన్నాడు.

"ఎండమావి నాయనా" అన్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. నాకూ రోడ్డు అలలు అలలుగానే కనిపిస్తోంది.

"ఎండమావులు నేను చూడనివా? బండి ఆపు."

దిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. గాలిమర నిటారుగా ఉంది. మళ్ళీ సీట్లో కూర్చుని అద్దంలోంచి చూశాడు. తల కొంచెం పైకెత్తాడు, కొంచెం దించాడు. "నేను తలకాయ ఆడిస్తే ఆ వంకరా ఆడతాంది. ఎండమావైతే దానంతటది ఆడల్ల. ఇది అద్దంలో ఉండే రోగం" అని తేల్చేశాడు.

ఇంతకంటే మంచి పరీక్ష నేను తర్వాత కూడా ఎక్కడా వినలేదు. పెనుకొండ వైపు కార్ల పనిలో ఉన్న మా మేనల్లుడిని అడిగితే, అద్దాల ఫ్యాక్టరీల్లోనూ దారి ఇదేనన్నాడు. ఏటవాలు నల్ల తెల్ల గీతలున్న బోర్డును అద్దంలోంచి చూస్తారట. గీత ఎక్కడ వంకర పోతే అక్కడ లోపం ఉన్నట్టు.

లోపం ఎలా వస్తుందో కూడా చెప్పాడు. కారు ముందు అద్దం ఒక పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. దెబ్బ తగిలితే పగులుతుంది కానీ ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మన ముఖం మీదికి ఎగరవు. ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త 1909లో ఇలాంటి గాజుకు పేటెంట్ తీసుకున్నాడు. మన 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన కూడా ముందు అద్దం ఈ రకానిదే ఉండాలంటుంది, కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలంటుంది. ఆ పలకల్ని కొలిమిలో వేడి చేసి కారు ముఖానికి తగ్గట్టు వంచుతారు. వేడి అంతటా సమంగా తగలకపోతే గాజులో అల మిగిలిపోతుంది. పగలు ఆ అల స్తంభాన్ని వంచుతుంది. రాత్రి ఎదురుగా వచ్చే లారీ దీపం ఒకటి రెండుగా కనిపిస్తే, అదీ అద్దం లోపమే కావచ్చు. గంటసేపు నడిపేసరికి నాకు కణతలు లాగినాయంటే లాగవా మరి!

మర్నాడే షోరూంకి పోయాను. ఊళ్ళ పేర్లు, కంపెనీల పేర్లు వద్దు. మన పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 డిసెంబర్ 5న కియా ఫ్యాక్టరీ ప్రారంభమైంది కాబట్టి మీరు దాని గురించి అనుకుంటారేమో, అది కాదు. వేరే కంపెనీ, వేరే రాష్ట్రంలో తయారైన బండి.

"ఎండకు అట్లే అనిపిస్తుంది సార్" అన్నాడు అక్కడి అబ్బాయి. కాసేపయ్యాక "అన్ని బండ్లకూ అంతే సార్" అన్నాడు. "అయితే అదే రకం ఇంకో బండి చూపించప్పా" అన్నాను. యార్డులో ఉంది. నా కారు నిలబెట్టిన చోటే దాన్ని నిలబెట్టించి, అదే సీట్లో కూర్చుని, అదే కరెంటు స్తంభాన్ని చూశాం. ఆ బండిలోంచి స్తంభం తాడు కట్టి లాగినట్టు తిన్నగా ఉంది. రెండింటి ఫోటోలూ తీశాను. ఆ అబ్బాయి మళ్ళీ ఆ మాట అనలేదు.

తర్వాత ఇంకొకరొచ్చి "ఇన్సూరెన్స్‌లో వేసేద్దాం సార్, పని తొందరగా అయిపోతుంది" అన్నారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. రాయి తగిలి పగిలిన అద్దానికి ఇన్సూరెన్స్ ఉంది. తయారీలో వచ్చిన లోపానికి వారంటీ ఉంది. రెండో దానికి మొదటిది వాడుకుంటే, ఏ క్లెయిమూ లేని మొదటి ఏడాదికి వచ్చే 20 శాతం బోనస్ మనమే పోగొట్టుకుంటాం, వాళ్ళ తప్పుకు మనం కట్టినట్టవుతుంది. అద్దం పగిలినప్పుడు కూడా చీలిక మొదలైన చోట గోటితో తడిమి చూడండి. గుంట తగిలితే రాయి దెబ్బ. గుంట లేకుండా అంచు నుంచే చీలిక పాకితే, బిగింపులోనో గాజులోనో ఒత్తిడి ఉందేమోనని గట్టిగా అడగండి.

నేను వారంటీ అనే పట్టుబట్టాను. నోటిమాట నీటిమూట కాబట్టి ఫిర్యాదును జాబ్ కార్డులో రాయించుకున్నాను. అదే రాత్రి ఫోటోలతో కంపెనీకి మెయిల్ పెట్టాను.

ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చింది మన రైతుల కేసే. విత్తనాలు సరిగా మొలవలేదని ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద పోరాడితే, 2012 జనవరి 16న సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. పరీక్షకు విత్తనం దాచిపెట్టలేదని రైతును తప్పుపట్టకూడదంది. తెచ్చిన విత్తనమంతా చల్లేవాడు దాచేదేముంటుంది? మన అద్దం అట్లా మట్టిలో కలిసిపోదు, కళ్ళెదుటే ఉంటుంది. అందుకే ఊడదీయించకముందే ఫోటోలూ కాగితాలూ భద్రం చేసుకోవాలి.

2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇంకో మేలు చేసింది. మనం కాపురముండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. రెండేళ్ళ లోపల వెయ్యాలి. కారుకిచ్చిన డబ్బు 5 లక్షలు దాటి 10 లక్షల లోపైతే ఫీజు 200 రూపాయలు, 20 లక్షల లోపైతే 400. అంతకుముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. 2006లో ఒక కారు క్లచ్ కేసులో సుప్రీంకోర్టు, మార్చగలిగిన భాగాన్ని మార్చాలి తప్ప బండి మొత్తం మార్చమనడం సరికాదంది. అద్దం బాగాలేకపోతే అద్దమే అడగండి, ఆ మాట నిలుస్తుంది.

నాకు కేసుదాకా పోవాల్సిన పని పడలేదు. పంతొమ్మిదో రోజున కొత్త అద్దం వచ్చింది, పైసా తీసుకోకుండా మార్చారు. అతికించిన జిగురు గట్టిపడేదాకా బండి కదపొద్దన్నారు, కదపలేదు. గట్టిపడినాక నాయన నాలుగు బిందెల నీళ్ళు అద్దం అంచుల వెంబడి పోయించి, లోపల కార్పెట్టు తడిమి చూశాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట, బిగింపులో సందుంటే తెలిసేది ఎప్పుడు? వాన కోసం కనిపెట్టుకుని కూర్చుంటే వారంటీలో రోజులు కరిగిపోతాయి.

నాయన ఆ రోజన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "కదిరి-6 విత్తనం మూటైనా తడి గోనెపట్టాలో నూరు గింజలు చుట్టి, ఎన్ని మొలిచినాయో లెక్కపెట్టి చల్లుతాం. ఎద్దును కొంటే పళ్ళు చూసి, నాలుగడుగులు నడిపించి రొక్కమిస్తాం. ఇన్ని లక్షలు పోసి కొన్నదాన్ని చూసుకోకుంటే ఎట్లరా?"

కరువు నేల మనకు నేర్పిన చూపు అది. షోరూం దీపాల కింద దాన్ని మరిచిపోవద్దు. మీ ఇంటికి బండి వచ్చే రోజున, పగటి వెలుగులో దాన్ని బయటికి తీయించండి. నిమ్మకాయలు పెట్టేముందు డ్రైవరు సీట్లో కూర్చుని, తల పైకీ కిందికీ ఆడిస్తూ ఒక కరెంటు స్తంభాన్ని చూడండి. స్తంభం నిటారుగా ఉంటేనే తాళం అందుకోండి.