నడియేట నేర్చిన పాఠము

బ్యాటరీలు, తీగెలు, మీటరులు పురుషుల వ్యవహారములని నేనును చాలకాలము తలచితిని. గడచిన కార్తికమాసమున అంతర్వేది స్వామిని సేవించి, సాయంకాలము మా మఱిది చిన్న మోటారు పడవలో నరసాపురమునకు మరలి వచ్చుచుండగా నా తలపు మారినది.

మావెంట వృద్ధురాలైన అత్తగారును, ఐదేండ్ల నా కూతురును ఉండిరి. వసిష్ఠ గోదావరి నడుమ ఇంజను చక్రమునకు గుఱ్ఱపుడెక్క చుట్టుకొనగా, ఇంజను నాపి దానిని తీసివేసితిమి. మరల తాళము త్రిప్పగా 'టక్కు' మను శబ్దము తప్ప మఱేమియు లేదు; దీపము వెలవెలబోయెను. ఆటు మమ్ము సముద్రమువైపు లాగుచుండెను. మొదట లంగరు వేయించితిని.

"బ్యాటరీ చచ్చినది, వదినా!" అని మఱిది నిట్టూర్చెను.

మా యింటి ఇన్వర్టరు బాగుచేయ వచ్చిన పనివాడు చూపిన పద్ధతి నాకు జ్ఞప్తికి వచ్చెను. "మీటరు పెట్టి చూడుము, నాయనా" అంటిని. బ్యాటరీ 12.6 వోల్టులు చూపెను. అది నిండు బ్యాటరీ కొలతయే. కాని ఊరకున్నప్పటి కొలత పూర్తి సాక్ష్యము కాదు, పని చేయించి చూడవలయును. తాళము త్రిప్పుచుండగా చూచితిమి. బ్యాటరీ 12కు దిగలేదు. బ్యాటరీ మొలకకును, దానిని పట్టిన తీగె కొనకును నడుమ మాత్రము 7 వోల్టులు కనబడెను. కూడిక మంచిదైనచో అచట ఇంచుమించు సున్న రావలయును. దోషము బ్యాటరీది కాదు, ఆ కూడికది!

పెట్రోలు ఆవిరి నిలిచియుండిన నిప్పురవ్వ ప్రమాదము గనుక, ఇంజను పెట్టె మూత తెఱచి గాలి పాఱనిచ్చితిమి. ముందుగా నెగెటివు తీగె విప్పితిమి. దాని క్రిందనే తెల్లగా, పచ్చగా పొడి పేరుకొనియున్నది. ఉప్పుగాలియు, ఆమ్లమును చేసిన పని యది. కత్తితో మెఱయునట్లు గీకి, బిగించి, తాళము త్రిప్పగానే ఇంజను గర్జించెను.

ఇంటికి వచ్చినపిదప తినుసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, వాసెలైను పూసితిమి. మఱియొక మాట: ఫ్యూజు పోయినచో లావు తీగె చుట్టరాదు, అది ప్రాణములను కాచు కావలి.

ఇన్వర్టరు చెంత కూర్చున్న నన్ను జూచి, "ఆడుదాని కీ పని యేల?" అనిన అత్తగారు, ఆ రాత్రి నిద్రించుచున్న పిల్లను నా యొడిలో నుంచి, "దీనికిని నేర్పుము, తల్లీ" అనిరి.