థింసాకు రుజువు

అమెరికా వీసా నిబంధనల్లో ఒకచోట ‘తెగ’ అన్న మాట ఉంది. అది చదివి కాసేపు ఆగిపోయాను.

వాటిని వెతకడానికి కారణం నా పాత విద్యార్థి. అరకు వైపు ఒక థింసా జట్టులో తుడుం వాయిస్తాడు. అమెరికాలోని తెలుగువాళ్లు సభకు పిలుస్తున్నారట. డబ్బు కూడా ఇస్తారట. "టూరిస్టు వీసా చాలని మధ్యలో ఒకాయన అంటున్నాడు. పోవచ్చా మాస్టారూ?" అన్నాడు.

పోకూడదు. డబ్బు తీసుకుని ఆడితే అక్కడి లెక్కలో అది ఉద్యోగమే. చూసి రావడానికిచ్చిన వీసా మీద ఆడి దొరికితే ఇబ్బంది ఆడినవాళ్లకే. సలహా ఇచ్చినాయన ఇక్కడే హాయిగా ఉంటాడు. క్రీడాకారులకూ కళాకారులకూ ‘పి’ అనే వరుసలో వేరే వీసాలున్నాయి. అంతర్జాతీయ గుర్తింపు ఉన్న క్రీడాకారులకు పి-1. ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళను ప్రదర్శించేవాళ్లకూ నేర్పేవాళ్లకూ పి-3. ఆ కళ ఎవరిదై ఉండవచ్చో చెప్పేచోట దేశం, జాతి, మతంతో పాటు తెగనూ రాశారు.

దీనికి జట్టు సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేదు. అక్కడ పిలిచే సంస్థే ముందుగా ఐ-129 ఫారం వేయాలి. ఒప్పందం, ఏ రోజు ఎక్కడ ప్రదర్శనో ఆ వివరం, అక్కడి కార్మిక సంఘం అభిప్రాయం జతచేయాలి. అది మంజూరయ్యాకే మనవాళ్లు హైదరాబాద్ కాన్సులేట్‌కు వెళ్లేది. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే వీసాలో రెండో పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేస్తారు, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని. మా ముసలమ్మలకు ఉన్నదే ఆ ఒక్క పేరు!

అసలు చిక్కు రుజువు దగ్గర. పరుగు పందెగాడికి పతకాలుంటాయి, ర్యాంకులుంటాయి. థింసాకు ర్యాంకు ఏముంటుంది? ఇది నిజంగా ఆ జనం కళే, వీళ్లకు అది వచ్చు అని పేరున్న నిపుణులు ఉత్తరాలు రాయాలి. లేదా పత్రికల్లో వచ్చిన సమీక్షలు, వ్యాసాలు చూపాలి. ఉత్తరం రాసినవాళ్లు తమకు ఆ కళ ఎలా తెలుసో కూడా చెప్పాలి. యూనివర్సిటీ వాళ్లను అడుగుదామన్నాడు మావాడు. అడగాల్సిందే. కానీ ఆ ప్రొఫెసరైనా చివరికి మన ఊరికొచ్చి, పెళ్లిళ్లలో తెల్లారేదాకా అడుగు వేసినవాళ్లనే అడగాలి కదా. వాళ్లు చెప్పింది మనమే ముందు రాసి అచ్చు వేసుకుంటే? ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ అడుగు ఏ సందర్భానిది, మోరి ఎప్పుడు అందుకుంటుంది. మా ఊళ్లో ఇదంతా ఇంకా నోటి మీదే ఉంది.

గిటారు కలిపితే మన కళ కాదంటారేమోనని కుర్రాళ్ల భయం. ఒక అర్జెంటీనా బృందానికి ఇలాగే అయింది. యూదుల క్లెజ్మర్ సంగీతాన్ని లాటిన్ అమెరికా బాణీలతో కలిపి వాయిస్తారు వాళ్లు. మొదట కాదన్నారు. 2012లో పై స్థాయి సమీక్షలో ఒప్పుకున్నారు. కలిసి పుట్టిన కళ కూడా ఒక జనానికి ప్రత్యేకం కావచ్చన్నారు. అక్కడా గెలిపించింది నిపుణుల రాతలే.

మన పెద్దల మాట తెలుగులో రాసినా పనికొస్తుంది. పూర్తి ఇంగ్లిషు అనువాదం జతచేసి, అది సరైనదేనని, తనకు రెండు భాషలూ వచ్చని అనువదించినవాళ్లు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టగల టీచర్లు మన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు.