తల్లి లేని ఇంట తండ్రి

పిల్లలతో మిగిలిపోయిన వితంతువును చూస్తే సమాజం మనసు కరుగుతుంది, కరగవలసిందే. కాని భార్య మరణించో, విడిపోయో పసివారితో మిగిలిన పురుషుణ్ణి చూసి మనవారు అనే మాట వేరు: "మగవాడు కదా, ఎలాగో నెట్టుకొస్తాడు. మరో నిఖా చేస్తే సరి!" ఆ 'ఎలాగో' అన్న మాట వెనుక ఎంత బరువుందో ఆలోచించేవారు అరుదు.

సినిమాల పట్ల మాకు ఆసక్తి లేదు. అయినా పూర్వ విద్యార్థి ఒకరు పట్టుబట్టి 2006లో వచ్చిన 'ది పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్' చిత్రాన్ని చూపించారు. అమెరికాకు చెందిన క్రిస్ గార్డ్‌నర్ జీవితం ఆధారంగా తీసిన కథ అది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కూడబెట్టిన సొమ్మంతా ఎముకల సాంద్రతను కొలిచే యంత్రాలపై పెడతాడు. అవి అమ్ముడుపోవు. భార్య వెళ్లిపోతుంది, ఇల్లు పోతుంది, చేతిలో కొడుకు మిగులుతాడు. షేర్ల సంస్థలో జీతం లేని ఆరు నెలల శిక్షణలో చేరతాడు. ఒక రాత్రి తల దాచుకోను చోటు లేక రైల్వే స్టేషన్ మరుగుదొడ్డిలో కొడుకును ఒడిలో పడుకోబెట్టుకుని, బయట ఎవరో తలుపు బాదుతుంటే నిశ్శబ్దంగా కన్నీరు కారుస్తాడు.

'పట్టుదల ఉంటే గెలుపు తథ్యం' అని చాలామంది ఈ చిత్రం నుంచి పాఠం తీస్తారు. మాకు మరొకటి కనిపించింది. శిక్షణలో ఇరవై మంది ఉండగా ఉద్యోగం ఒక్కరికే. మిగిలినవారు సోమరులు కారు. తోటివారు సాయంత్రం దాకా పనిచేస్తుంటే, ఇతడు కొడుకును వెంటబెట్టుకుని ఆశ్రయగృహం ముందు వరుసలో నిలబడాలి. అందుకే నిమిషాలు మిగుల్చుకోవడానికి ఫోను కింద పెట్టడు, నీళ్లు తాగడు. ఒంటరి తండ్రి పేదరికం డబ్బు లేమి మాత్రమే కాదు, సమయం లేమి కూడా.

నిజజీవితంలో గార్డ్‌నర్ ఆశ్రయం కోరిన గ్లైడ్ చర్చి వసతి నిరాశ్రయ మహిళల కోసం ఏర్పాటైనది. అక్కడి మతగురువు సెసిల్ విలియమ్స్ ఆ తండ్రీబిడ్డలను కాదనలేదు. నియమం చూపి తలుపు మూసి ఉంటే, ఆ పట్టుదల ఏ ఫుట్‌పాత్ మీద ఆరిపోయేదో!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి పిల్లలను మదరసాలో చేర్పించడానికి వచ్చే తండ్రులలో ఇలాంటివారిని మేము చూస్తూనే ఉన్నాము. మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసేవారు, ఆటో నడిపేవారు, బొగ్గు గనుల వద్ద కాంట్రాక్టు కూలీలు. భార్యను కోల్పోయిన ఒక కూలీ తన ఆరేళ్ల కూతురి గురించి అన్న మాట మా చెవుల్లో నిలిచిపోయింది: "మౌలీసాబ్, పనికి పోతే బిడ్డ ఒంటరైతది, బిడ్డ దగ్గరుంటే పొయ్యి వెలగదు." పనికి పోని రోజుల ఖర్చుకు అతడు తెచ్చినది గిరిగిరి అప్పు. దినం దినం కట్టాలి.

తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి ఒంటరి మహిళలకూ ఆసరా పింఛను ఇస్తోంది, మంచి పని. ఒంటరి తండ్రికి ఆ జాబితాలో చోటు లేదు. మన మస్జిదులలో రాసుకునే జాబితాలోనైనా ఉందా? తౌబా సూరాలోని 60వ ఆయతు జకాత్‌కు అర్హులను ఎనిమిది తరగతులుగా పేర్కొంది. పేదలు, అప్పులపాలైనవారు వారిలో ఉన్నారు. అక్కడ చూడవలసినది అవసరాన్ని. స్త్రీయా, పురుషుడా అని కాదు. అభిమానం వల్ల చేయి చాచనివారిని ముఖం చూసి గుర్తించాలని బఖరా సూరా 273వ ఆయతు బోధిస్తోంది. ఒంటరి తండ్రి తనంతట తాను అడగడు. మనమే వెళ్లాలి.

చేయవలసినది అసాధ్యమైనదేమీ కాదు. తండ్రి తిరిగి వచ్చేదాకా బిడ్డకు అన్నం పెట్టి, జడ వేసి కనిపెట్టుకుని ఉండే ఇల్లొకటి మొహల్లాలో కావాలి. గిరిగిరి అప్పు తీర్చేందుకు నలుగురు కలసి ఖర్జె హసనా ఇవ్వాలి. పైన చెప్పిన కూలీ బిడ్డను ఇప్పుడు పక్కింటి ఖాలా సాయంత్రం దాకా చూసుకుంటున్నారు. అతడు నాగా లేకుండా పనికి వెళుతున్నాడు. ఆ ఖాలాకు దీనివల్ల అయ్యే ఖర్చు పిడికెడు బియ్యం.

రమజాన్ జాబితా రాయడానికి కూర్చున్నప్పుడు, సోదరులారా, "వితంతువులు ఎందరు?" అని అడిగిన వెంటనే మరో ప్రశ్న కూడా అడగండి: "మన వీధిలో తల్లి లేని పిల్లలను సాకుతున్న తండ్రులు ఎందరు?"