ఖిల్లా ఘణపుర దర్శనము

గడచిన దసరా సెలవులలో మేము నలుగురము స్త్రీలము కలసి ఖిల్లా ఘణపురమును చూచి వచ్చితిమి. కోటలను గూర్చి వ్రాయువారు పలువురు గలరు. మేము ఆ కోటమీదినుండి చూచిన చెరువును గూర్చియు, ఆ చెరువుగట్టున మాకు కలిగిన యొక సందేహమును గూర్చియు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ఈ గ్రామము వనపర్తి జిల్లాలోనిది. 2016 లో జిల్లాల పునర్విభజన జరుగువరకు మహబూబునగరము జిల్లాలో, అనగా మన పెద్దలు పాలమూరని పిలుచు సీమలో చేరియుండెను. 13వ శతాబ్దమున గోన గణపరెడ్డి యీ దుర్గమును కట్టించి, తన ప్రభువైన కాకతీయ గణపతిదేవుని పేరు పెట్టెనని చెప్పుదురు. రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి యీ గోన వంశమువాడే. రెండు గుట్టలను రాతిగోడలతో నొక్కటిగా కలిపి కట్టిన కోట యిది.

ఎండ ముదురకమునుపే ఎక్క నారంభించితిమి. బండలనడుమ సీతాఫలపు పొదలు కాయలతో వంగియున్నవి. మా వదినగారికి మోకాలినొప్పి గనుక పది అడుగులకొకమారు కూర్చుండవలసి వచ్చెను. పైకి చేరినంతనే గాలి మా కొంగులను లాగికొనిపోవునంత వేగముతో వీచినది. మాలో నొకామె పెనిమిటి విద్యుచ్ఛక్తి శాఖలో ఉద్యోగి. ఆమె కొంగు బిగించుకొని, "ఈ గాలి యంతయు వృథాగా పోవుచున్నది గదా! ఇచట నాలుగు గాలిమరలు నిలిపినచో ఊరంతటికి దీపములు వెలుగును" అనెను. మేము నవ్వితిమి. కాని ఆ మాట మమ్ము విడువలేదు.

క్రింద గణపసముద్రము నిండుగా మెరయుచుండెను. కాకతీయులనాటి చెరువులలో నిదియొకటి. పేరు సముద్రమైనను నీరు మంచినీరే. ఒకవైపు మడులకు నీరు పారుచున్నది. ఒకవైపు బెస్తలు వల లాగుచున్నారు. బతుకమ్మను సాగనంపినది మొన్ననే గాబోలు, తంగేడుపూలు ఇంకను గట్టునకు తగిలి తేలుచున్నవి. ఒక్క చెరువు ఇంతమందికి సరిపోవుచున్నదేయని మాకు ముచ్చట కలిగినది.

దిగివచ్చి చెరువుగట్టున ఫలహారము చేయుచుండగా, చేపలతట్ట పట్టుకొని యొక ముసలమ్మ మా చెంత కూర్చుండెను. తట్టలో బొచ్చెలును, రెండు కొరమీనులును గలవు. మా వదినగారు వార్తాపత్రికలు శ్రద్ధగా చదువును. రామగుండమున జలాశయముపై సుమారు 500 ఎకరముల మేర సౌరపలకలను తేలవేసి, 2022 జూలై నాటికి 100 మెగావాట్ల విద్యుత్తును తీయసాగిరని ఆమె యెరుగును. పలకల నీడవలన నీరు ఆవిరియగుట తగ్గును, సాగుభూమి చెడదు. ఇది మేలే. కాని వెలుతురు సోకనిచో నీటిలోని పాచి తగ్గును. పాచిని తిను చేపకు మేత తగ్గును. వల వీచుటకు తావును తగ్గును. మా వదినగారు ఈ సంగతులన్నియు చెప్పి, "మీ చెరువుమీద అటువంటివి పరచినచో నీవేమందువమ్మా?" అని యడిగెను.

ముసలమ్మ కొంతసేపు తలంచి యిట్లనెను: "కరెంటు వద్దని ఎవరంటరమ్మా? మా ఇంట్ల గూడ బుగ్గ వెలుగాలె. కానీ మమ్ముల అడిగి పెట్టాలె. యాడ చేప గుడ్లు పెడ్తదో, యాడ వల పడ్తదో మేం జూపిస్తం గద!"

మరునాడు గద్వాలకు పోయి, కృష్ణమీద కట్టిన జూరాల ప్రాజెక్టును చూచితిమి. ఇచట ఆరు యంత్రములు, ఒక్కొక్కటి 39 మెగావాట్లు, కలసి 234 మెగావాట్ల శక్తి నిచ్చును. దిగువ జూరాలలో మరి 240 మెగావాట్లు. ఆనకట్టచెంత స్త్రీలు నూనెమూకుళ్లలో చేపముక్కలు వేపి అమ్ముచుండగా, బస్సులు దిగినవారు ఆకులలో పెట్టించుకొని తినుచున్నారు. జలాశయము చేపల నిచ్చినమాట నిజము. కాని వరదకాలమున ఏటికెదురీదు చేపకు ఆనకట్ట దాటరాని గోడ. యంత్రములలో బడినది రెక్కల తాకుడుచేతను, నీటి యొత్తిడి మార్పుచేతను గాయపడవచ్చును. ఇట్టి కేంద్రముల దిగువన యంత్రము తిరిగినప్పుడు ఏరు పొంగును, ఆగినప్పుడు తగ్గును. వల వేసినవాడు ఈ వేళ లెరుగవలెను.

గోదావరీతీరపు సోదరీమణులకు మేమిది వేరుగా చెప్ప నక్కరలేదు. 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై డెల్టాకు అన్నము పెట్టినది. సముద్రమునుండి గుడ్లు పెట్టుటకై యెదురీదివచ్చు పులసకు ఆ ఆనకట్టయే త్రోవ మూసినది. పుస్తె లమ్మియైనను పులస తినవలెనను సామెత నేడు ధరకుకూడ తగియున్నది.

జూరాలనుండి కృష్ణ శ్రీశైల జలాశయమునకు పోవును. ఆ వెనుకజలములలో, కొల్లాపురపు సోమశిల ప్రాంతమున, కోస్తాతీరమునుండి వలసవచ్చిన జాలరి కుటుంబములు గుడిసెలు వేసికొని బ్రతుకుచున్నవి. వీరిలో కొందరు నిషేధింపబడిన అలివివలలతో చేపపిల్లలను సైతము ఊడ్చుచున్నారని స్థానిక బెస్తలకు ఆక్షేపణ గలదు. కడలిబిడ్డలు కొండలనడుమకు వచ్చి పొరుగువారితో తగవుపడవలసిన గతి పట్టుట కష్టము. ఇక ఆ కడలిమీదనే గాలిమరలు నిలుచు దినములు వచ్చుచున్నవి.

1991 లో డెన్మార్కు దేశమున విండెబీయొద్ద సముద్రమున 11 గాలిమరలను నిలిపిరి. ప్రపంచమున నట్టివానిలో నదియే మొదటిది. వయసు తీరి 2017 లో వానిని తొలగించిరి. మన దేశము 2015 లో సముద్రపు గాలిశక్తికొక విధానమును ప్రకటించి, 2024 జూన్‌లో గుజరాతు, తమిళనాడు తీరములయొద్ద చెరి 500 మెగావాట్లకై 7,453 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పొగలేని శక్తి మనకు కావలసినదే. కాని కడలి యడుగున స్తంభములు దిగగొట్టు చప్పుడు బహుదూరము పోయి, వినికిడిచే బ్రతుకు తిమింగలజాతి జీవులను కలవరపెట్టును. జర్మనీ సముద్రములలో దీనికొక యుపాయము చేసిరి. రంధ్రములుగల గొట్టమును స్తంభముచుట్టు నీటియడుగున పరచి గాలి వదలుదురు. పైకి లేచు బుడగలు తెరవలె నిలిచి చప్పుడును తగ్గించును. స్తంభముల మొదట పేర్చిన రాళ్లను ఆల్చిప్పలును చేపలును నివాసము చేసికొనుటయు గలదు. కనుక మరకును మీనుకును పుట్టువైరము లేదు.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపల సంతానవృద్ధికై ఏర్పరచిన విరామమిది. చలికాలపు చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన యిసుకతిన్నెలకు గుడ్లు పెట్టవచ్చును. జాలరి పాటించు ఋతువును మర నిలుపువాడు పాటింపకుండుట న్యాయమా? స్థలము నిర్ణయించుటకు పిదపగాక మునుపే జాలరుల నడుగవలదా? అడుగునప్పుడు పడవ యజమానునితోపాటు తట్ట మోయు స్త్రీనికూడ పిలువవలెను. పరిహారపు పట్టికలో పడవను వ్రాయుదురు, వలను వ్రాయుదురు. తట్టను మరచుట సులభము. చేపను సొమ్ముగా మార్చి యిల్లు నడుపునది ఆ తట్టయే.

తిరుగుప్రయాణమున మా స్నేహితురాలు కిటికీయొద్ద కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఆ గుట్టమీద గాలిమరలు నిలుపవలెనని యంటిని గదా! ఆ మాట ముసలమ్మ నడిగి యనవలసినది" అనెను. మే మామె చేయి పట్టుకొంటిమి. కర్నూలు బాటవెంట ఊళ్లలో దీపములు వెలుగుచుండెను.

ఘణపురమును చూడగోరు సోదరీమణులు వానలు వెనుకబట్టిన పిదప పోవుదురుగాక. త్రాగునీరు వెంటగొనుడు, గుట్టను ఉదయముననే యెక్కుడు. దిగివచ్చిన పిదప చెరువుగట్టున కొంతసేపు కూర్చుండి, అచటివారితో మాటలాడుడు.