అమ్మ పన్ను, టిక్కీల లెక్క

మా ఇంట్లో ఏ ఖర్చునైనా మిర్చి టిక్కీల్లోనే కొలుస్తారు. నా ఫీజు ఇన్ని టిక్కీలు, అక్క పెళ్లి అన్ని టిక్కీలు అని. మొన్న అమ్మ దవడ పన్నుకి రూట్ కెనాల్ అయ్యాక డాక్టరుగారు క్యాప్ వేయించమన్నారు. మెటల్‌ది తక్కువ, మెటల్ మీద పింగాణీది మధ్యరకం, జిర్కోనియా ఎక్కువ. "ఇంత పన్నుకి అంత డబ్బా? పీకించేస్తే పోలా!" అంది అమ్మ.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కనుక్కున్నా. జిర్కోనియా క్యాప్‌ని కంప్యూటర్లో డిజైన్ చేసి, దిమ్మ నుంచి మిల్లింగ్ చేస్తారు. తర్వాత సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాలిస్తే దాదాపు 20 శాతం కుంచించుకుపోతుంది. అందుకే ముందే పెద్దదిగా చెక్కాలి. మనం వర్క్‌షాప్‌లో చదివే ష్రింకేజ్ అలవెన్సే ఇది!

పీకిస్తే చౌకే. కానీ పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. రేపు బ్రిడ్జి కట్టాలంటే మంచి పళ్లు రెండింటిని అరగదీసి, మూడు క్యాపుల ఖర్చు పెట్టాలి. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట ఖర్చు తగ్గుతుంది, కాకపోతే నాలుగుసార్లు తిరగాలి.

"మెటల్‌దే వేయిద్దాం, లోపలి పన్ను ఎవరికి కనపడుద్ది?" అన్నాడు నాన్న. నా ఫీజుకి ఏనాడూ లెక్క అడగని అమ్మ, తన పంటికి మాత్రం "కోతలయ్యాక చూద్దాంలే" అంటోంది. రూట్ కెనాల్ అయిన పన్ను ఎప్పుడైనా పగలొచ్చు. దానికి కోతల సంగతి తెలియదుగా!