ఆట మాన్పించడమే మందా?

మగపిల్లవాడు ఆటలో పడి మోకాలు చీరుకుపోయి వస్తే "పసుపు పెట్టుకోరా, రేపటికి తగ్గిపోతుంది" అంటాం. అదే ఆడపిల్ల కుంటుకుంటూ ఇంటికొస్తే "రేపట్నుంచి గ్రౌండుకు పోవద్దు" అంటాం. కాలు ఒకటే, దెబ్బా ఒకటే. మందు మాత్రం ఇద్దరికీ వేరు! ఈ రెండో మందు గురించే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

నేను డాక్టర్ని కాను. ఇంటర్ దాకా చదివి, పెళ్ళి చేసుకుని, అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో కాపురం చేసుకుంటున్నదాన్ని. మా జిల్లా సంగతి మీకు తెలిసిందే. ఏడాది మొత్తం మీద సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. అది కూడా సమయానికి పడితే శెనక్కాయ చేతికొస్తుంది, లేకపోతే చెట్టుకే ఎండిపోతుంది. ఇలాంటి చోట పిల్లలకు ఆటలేమిటి అనుకుంటారేమో! 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్.డి.టి. సంస్థ పల్లెల్లో బడులు, ఆస్పత్రులతో పాటు అనంతపురంలో పెద్ద ఆటల మైదానాలు కూడా కట్టించింది. రాఫెల్ నాదల్ పేరున్న టెన్నిస్ బడి 2010లో మొదలయింది అక్కడే. నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున క్రికెట్ ఆడింది. అలా పేపర్లో ఫోటో పడిన పిల్ల ఒకరైతే, కాలు నొప్పి అన్న రోజున ఆట ఆగిపోయి ఇంట్లో ఉండిపోయిన పిల్లలు ఎందరో.

మా పాప కూడా ఆ లెక్కలో చేరాల్సిందే. ఏడో తరగతిలో ఉండగా బడి ఖోఖో జట్టులో ఆడేది. వయసు పన్నెండు. ఉన్నట్టుండి జానెడు పొడుగు పెరిగిందా అనిపించిన ఏడాది అది. రెండు నెలలుగా కుడి మోకాలు నొప్పి అంటోంది. చిప్ప కింద రేగిపండంత బొడిపె లేచింది. వేలు పెడితే "అమ్మా!" అని ఎగిరిపడేది.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్త అయితే ఒకటే పోరు. "ఆడపిల్లకి ఈ ఎగురుళ్ళు దుముకుళ్ళు యాలమ్మా? రేప్పొద్దున కాలు వంకరపోతే ఎవురు చేసుకుంటారు?" అని. పక్కింటామె గడ్డేమోనని భయపెట్టింది. మా బావగారు పుత్తూరు పోయి కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టుకు మన రాయలసీమలో ఎంత పేరుందో మీకు తెలుసు. కానీ ఎముక విరిగిందో లేదో తెలియకుండా కట్టు దేనికి?

టౌనులో ఒక క్లినిక్కుకు తీసుకుపోయాం. రెండు గంటలు కూర్చున్నాక రెండు నిముషాలు చూశారు. ఎక్స్‌రే తీశారు. "ఎముక బాగానే ఉంది, ఆరు నెలలు ఆట బంద్" అని మోకాలికి బెల్టు రాశారు. జబ్బు పేరు చెప్పలేదు, ఎందుకొచ్చిందో చెప్పలేదు. జిల్లా సెలక్షన్లు ఐదు వారాల్లో ఉన్నాయి. పాప ఆ రాత్రి సంగటి ముద్ద ముట్టలేదు. మా అత్తకు మాత్రం తన మాటకు డాక్టరు ముద్ర వేసినట్టయింది.

అప్పుడు మా ఊరి ఆశా అమ్మాయి "అక్కా, ఒకసారి మన పి.హెచ్.సి.లో చూపించు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నిదానంగా అడుగుతుంది" అంది. జ్వరానికీ, టీకాలకే తప్ప మోకాలికి పి.హెచ్.సి. ఏమిటని మా ఆయన సణిగారు. అయినా పోయాం. మోకాళ్ళకు మాత్రలు అడుగుదామని మా అత్త కూడా వెంట వచ్చింది.

డాక్టరమ్మ ముందు కాలు ముట్టుకోలేదు. పాపనే అడిగింది. ఎప్పుడు మొదలయింది? పడ్డావా, లేక దానంతటదే వచ్చిందా? ఆడేటప్పుడా, ఆడిన తర్వాతా? మెట్లు ఎక్కితే ఎక్కువవుతుందా? రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తుందా? జ్వరం వచ్చిందా? ఈ ఏడు ఎంత పొడుగయ్యావు? ఆట రోజుకు ఎన్ని గంటలు? పాప చెబుతుంటే నాకే కొత్తగా ఉంది. కూర్చుని లేచేటప్పుడు ఎక్కువనీ, ఆదివారం ఆట లేకపోతే తక్కువనీ అప్పటిదాకా మేమెవరం అడగందే!

ఆ తర్వాత పడుకోబెట్టి మోకాలు వంచింది, చాపింది. బొడిపె మీద నొక్కింది. నొప్పి అక్కడొక్కచోటే. చివరికి తొడ పట్టుకుని తుంటి దగ్గర అటూ ఇటూ తిప్పింది. "నొప్పి మోకాల్లో కదమ్మా, తుంటి ఎందుకు?" అన్నాను. "ఈ వయసు పిల్లల్లో తుంటి కీలు జారినా నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది. తుంటి చూడకుండా మోకాలు తేల్చకూడదు" అంది. ఆ మాటతోనే నాకు గురి కుదిరింది.

జబ్బు పేరు ఆస్‌గుడ్ ష్లాటర్. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండులో ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు కనిపెట్టి రాశారట. పేరు విని బెదిరిపోకండి. గంతులూ పరుగులూ ఉన్న ఆటలు ఆడే, ఎదిగే పిల్లల్లో మామూలే. తొడ ముందు కండరం చిప్ప మీదుగా దిగి, కాలి ఎముక పై భాగంలో అతుక్కుని ఉంటుంది. ఎదిగే పిల్లలకు ఆ చోటు ఇంకా గట్టిపడని మెత్తటి ఎముక. ఎముక గబగబా పెరుగుతుంది, కండరం అంత తొందరగా సాగదు. పచ్చి నేలలో దిగ్గొట్టిన గూటానికి కోడెను కట్టేస్తే ఏమవుతుంది? అది లాగీ లాగీ గూటం చుట్టూ మట్టి లేస్తుంది. పాప మోకాలి కింద లేచిన బొడిపె అదే! ఖోఖోలో కూర్చుని ఉన్నపళాన లేచి పరుగెత్తడం ఆ కోడె లాగుడు లాంటిది.

"మరి ఆట మాన్పించాలా?" అని మా అత్త ముందుకు వంగి అడిగింది.

"కోడెను చంపుకుంటామా అవ్వా? పగ్గం కాస్త వదులు చేస్తాం, అంతే" అంది డాక్టరమ్మ.

ఆమె చెప్పిన వైద్యం ఇదీ. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి. మూడు లోపల ఉండి, మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే ఆడొచ్చు. దాటితే ఆ రోజుకు తగ్గించాలి. కొన్ని వారాలు గొంతుక్కూర్చోవడం, గెంతడం తగ్గించి, మామూలు పరుగూ చేతి పనీ చెయ్యాలి. రోజూ గోడ పట్టుకుని నిలబడి, మడమను పిరుదుకు ఆనించి, అరనిముషం చొప్పున మూడుసార్లు తొడ ముందు కండరం సాగదియ్యాలి. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిముషాలు పెట్టాలి. నొప్పి మాత్రలు రోజూ మింగించకూడదు. ఎదుగుదల పూర్తయ్యేసరికి అదే తగ్గుతుంది, కొందరికి ఏడాది రెండేళ్ళు కూడా పడుతుంది.

డ్రిల్లు సారుకు ఈ మార్కుల లెక్క చెప్పాం. పాపం ఆయనే కొన్నాళ్ళు సగం ప్రాక్టీసు ఇచ్చారు. ఆ ఏడు సెలక్షన్లకు పోయింది కానీ జట్టులో చోటు రాలేదు. ఇంట్లో కూర్చుని ఏడ్చే బదులు పోయి ఓడిపోయి వచ్చింది. అదీ నాకు సంతోషమే! నొప్పి పూర్తిగా పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మరుసటేడు జిల్లా జట్టులో ఆడింది. బొడిపె ఇప్పటికీ ఉంది, నొప్పి లేదు.

ఇక మా అత్త సంగతి. మనవరాలి మోకాలికీ, తన మోకాళ్ళకూ ఒకే ఆముదం రాసేది. డాక్టరమ్మ ఆమెను వేరే ప్రశ్నలు అడిగింది. "అవ్వా, గడ్డం ఎదకు ఆనించు. ముందుకు వంగి కాలివేళ్ళు తాకు. చేతులు చాపి తల వెనక పెట్టు" అంది. మెడా నడుమూ బిగుసుకుపోయి ఏదీ పూర్తిగా రాలేదు. "చిన్నప్పట్నుంచి ఏ నీళ్ళు తాగావు?" అంటే ఊరి బోరు నీళ్ళే. ఫ్లోరిన్ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మా జిల్లాలో 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా చాలా ఊళ్ళకు బోరే దిక్కు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. ఒక్క మాట గుర్తుంచుకోండి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఒకే ఇంట్లో రెండు మోకాళ్ళు, రెండు కారణాలు. అడిగితేనే కదా తెలిసింది!

అప్పట్నుంచి ఆటలాడే పిల్లలున్న తల్లులు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసినంతలో చెబుతుంటాను.

కాలు మడత పడితే అందరూ ఎక్స్‌రేకే పరుగెత్తుతారు. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక సులువైన పద్ధతి చెప్పారు. చీలమండ గుబ్బల వెనక అంచునో, కొసనో నొక్కితే ఎముక మీదే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ డాక్టరు దగ్గరా కూడా నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే కావాలి. పాదం మధ్యలో ఎముక నొప్పి ఉన్నా చూపించాల్సిందే. ఇవేవీ లేకపోతే చాలావరకు బెణుకే. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, గట్టి మాలీషు వద్దు. కాలు ఎత్తులో పెట్టి, ఐసు కాసేపు పెట్టండి. అలాగని వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టనక్కర్లేదు. 1978లో విశ్రాంతి, ఐసు అని సూత్రం రాసిన అమెరికా డాక్టరు మిర్కిన్ గారే, మరీ ఎక్కువయితే అవి మానడాన్ని ఆలస్యం చేస్తాయని తర్వాత మాట సవరించుకున్నారు. నొప్పి ఓర్చుకోగలిగినంతలో మెల్లగా కదిలించడమే మంచిది.

అన్ని నొప్పులూ కాళ్ళలోనే ఉండవు. మా చెల్లెలి కూతురు పరుగుపందేల పిల్ల. ఒక ఏడు ఉన్నట్టుండి వెనకబడింది. రెండు చుట్లకే ఆయాసం. అందరూ బద్ధకం అన్నారు. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది కూడా లేదు. ఆ వయసు ఆడపిల్లకు పన్నెండు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే సగానికి మించి! బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర రక్తహీనత రాకుండా ఇచ్చేది, పారెయ్యనివ్వకండి. వచ్చాక డాక్టరు రోజువారీ మాత్రలు నెలల తరబడి ఇస్తారు. దొడ్డికి నల్లగా అయితే భయపడక్కర్లేదు. మాత్రకూ, భోజనానికీ దగ్గర్లో టీ ఇవ్వకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, బాగా పడుతుంది.

ఇంకో సంగతి, తల్లులే కనిపెట్టాల్సింది. బాగా ఆడే పిల్లకు మూడు నెలలు నెలసరి రాకపోతే "పోనీలే, పీడా పోయింది" అనుకోకండి. ఆడేదానికి సరిపడా తినకపోతే ఒళ్ళు ముందు ఆపేది దాన్నే. ఆ తర్వాత ఎముకలు బలహీనమై సన్నగా చిట్లుతాయి. సంగటి, పప్పు, గుడ్డు, గుప్పెడు శెనక్కాయలు, ఒక గ్లాసు మజ్జిగ... ఆడపిల్లకూ అన్నదమ్ముడితో సమానంగా పెట్టండి. చూపించడం మాత్రం మానకండి.

కొన్నిటికి ఆలస్యం పనికిరాదు. దెబ్బ తగలగానే మోకాలు ఉబ్బిపోయినా, లోపల టక్కుమన్నా, కీలు బిగుసుకుని చాపలేకపోయినా, కాలు మోపలేకపోయినా, వాపుతో జ్వరం ఉన్నా, నొప్పికి రాత్రిళ్ళు మెలకువ వస్తున్నా, తలకు దెబ్బ తగిలి వాంతులైనా... ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

మిగతా వాటికి, పోయేముందు ఒక చీటీ రాసుకోండి. ఎప్పుడు మొదలయింది, ఏం చేస్తే ఎక్కువ, ఏం చేస్తే తక్కువ, ఎంతసేపు ఆడుతుంది, ఏం తింటుంది, నెలసరి ఎలా ఉంది. సరుకుల చీటీ రాసేవాళ్ళకు ఇదో పెద్ద పనా? బయట వందమంది కూర్చున్న డాక్టరుకు మనకివ్వడానికి ఉన్నది కొన్ని నిముషాలే. ఆ నిముషాలు "కాలు నొప్పండీ" అన్న ఒక్క మాటతో అయిపోకూడదు కదా!

మీ పాప ఈ సాయంత్రం కుంటుకుంటూ వస్తే, "ఆట మానెయ్" అనేముందు పక్కన కూర్చోబెట్టుకుని "ఎప్పుడు నొస్తాంది పాపా?" అని అడగండి. సగం వైద్యం మన గడపలోనే మొదలవుతుంది.